పఫ్ మానమన్నాను, పలకరింపు కాదు

"డాక్టరుగారూ! మీరు చెప్పిన పథ్యం నాలుగు నెలలుగా తు.చ. తప్పకుండా చేయిస్తున్నాం. బేకరీ గుమ్మం తొక్కనివ్వలేదు. అయినా నాన్నగారికి షుగరు పెరిగిందేమిటండీ?"

రిపోర్టు నా బల్లమీద పెట్టి అడిగాడు కొడుకు. పక్క కుర్చీలో వున్న మాస్టారు మాత్రం పెదవి విప్పలేదు.

మాస్టారు విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వయసు 68. భార్య పోయి రెండేళ్ళయింది. ఎప్పుడొచ్చినా పదినిమిషాలు లోకాభిరామాయణం మాట్లాడందే లేచేవారు కాదు. అటువంటి మనిషి ఆ రోజు నేలచూపులు చూస్తూ కూర్చున్నారు.

రిపోర్టు చూశాను. మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో లోగడ 8.1 వుండేది, ఇప్పుడు 8.6 వుంది. బరువు మూడు కిలోలు పెరిగింది. బ్లడ్ ప్రెషరూ కాస్త ఎక్కువే వుంది.

"రోజంతా ఏం చేస్తున్నారు మాస్టారూ?" అని అడిగాను.

"ఏముంది బాబూ! పేపరు, టీవీ, మంచం. బేకరీ బంద్ అని మీరే రాశారుగా!"

పాత చీటీ తీసి చూశాను. నిజమే. నా చేతిరాతే. మందుల కింద "బేకరీ బంద్" అని రెండే రెండు మాటలు. నా వుద్దేశం బేకరీ తిండి మానమని. ఇంట్లోవాళ్ళకు అర్థమైంది బేకరీకి వెళ్ళడమే మానమని. తప్పు వాళ్ళది కాదు, నాది.

ఎందుకు తప్పో చెబుతాను. ఇటువంటి చీటీలు చాలా ఇళ్ళలో గోడకు వేలాడుతుంటాయి గనుక పాఠకులకూ పనికొస్తుంది.

ఆ బేకరీలో ఏముంది?

మాస్టారి ఇంటినుంచి ఆ బేకరీకి నడిచి వెళితే పదిహేను నిమిషాలు. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక గదిలో పొయ్యి. సాయంత్రం నాలుగున్నరకు ట్రే బయటికి వస్తుంది. ఎగ్ పఫ్, కర్రీ పఫ్, దిల్‌పసంద్, క్రీమ్ బన్, ఉప్పు బిస్కెట్లు అన్నీ అక్కడ చేసినవే. ఆ వాసన వీధి మలుపుదాకా వస్తుంది. కాఫీ అరకు గింజలతో ఓనరే కలిపించిన పొడితో పెడతాడు. మాస్టారు, ఆయన వయసువాళ్ళు మరో ముగ్గురు ఆ బల్ల దగ్గర పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నారు.

బేకరీ బంద్ చేసేసరికి మాస్టారికి ఏమేం పోయాయో లెక్క వేయండి. రానూ పోనూ అరగంట నడక పోయింది. గంటసేపు నలుగురితో మాటలు పోయాయి. సాయంత్రం చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళే పని పోయింది. ఇంట్లో కూర్చుంటే తిండి తగ్గిందా అంటే అదీ లేదు. టీవీ ముందు మిక్చరు పొట్లం చేతికొచ్చింది. బేకరీలో రెండు కాఫీలు తాగే మనిషి ఇంట్లో నాలుగు తాగుతున్నారు. కోడలు ఒకటి ఇస్తే, మనవరాలు ఇంకొకటి తెస్తోంది. ఎవరూ లెక్కపెట్టడం లేదు. పఫ్ ఒక్కటే తగ్గింది, మిగతావన్నీ పెరిగాయి.

ఒంటరితనం రోగం కాదనుకుంటాం. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికోసం ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000కు పైగా మరణాలకు దానితో సంబంధం వుందని అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, షుగరువ్యాధి, మతిమరుపు, దిగులు, వీటన్నిటికీ ఒంటరితనం తోడవుతుంది. భార్య పోయిన మనిషికి వున్న ఒక్క బల్లా తీసేసిన డాక్టరు, మందు ఇచ్చినట్టా, జబ్బు ఇచ్చినట్టా?

కనుక ముందుగా చెప్పేది ఇది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ కాఫీకి వెళ్ళే చోటు ఏదైనా వుంటే, జబ్బు పేరు చెప్పి ఆ చోటు మాన్పించకండి. బల్లమీదకు వచ్చే పళ్ళెం మార్చండి.

కాఫీ దోషం ఎంత?

"అసలు కాఫీయే విషం కదండీ?" అన్నాడు కొడుకు.

కాదు. కాఫీలో వుండే ముఖ్యమైన పదార్థం కెఫీన్. ఇది నరాలను చురుకు చేస్తుంది, నిద్రను దూరం చేస్తుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదు. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టెంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు వుంటుందని ఆ సంస్థే చెప్పింది. అంటే ఆరోగ్యవంతుడికి రెండు కప్పుల కాఫీ హద్దులోనే వుంటుంది. గర్భిణీ స్త్రీలు మాత్రం అన్నీ కలిపి 200 మిల్లీగ్రాములు దాటకూడదు.

గింజనుబట్టి కూడా తేడా వుంటుంది. అరకులో పండేది ఎక్కువగా అరబికా రకం. రోబస్టా రకంలో దానికి దాదాపు రెట్టింపు కెఫీన్ వుంటుంది. చికోరీలో కెఫీన్ అసలు వుండదు. పొట్లంమీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని అచ్చు వేసి వుంటుంది, చూసి కొనండి.

కాఫీకి బ్లడ్ ప్రెషరును కొద్దిసేపు పెంచే గుణం వుంది. అలవాటు లేనివారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే బి.పి. చూపించుకోవడానికి వచ్చేముందు అరగంటలోపు కాఫీ తాగకండి. తాగివచ్చి "బి.పి. పెరిగిందండీ" అంటే, పెరిగింది మీ బి.పి.యో, కాఫీ బి.పి.యో మాకు తెలియదు.

ఇక వేడి సంగతి. పొగలు కక్కే కాఫీని గుటుక్కున మింగడం కొందరికి గొప్ప. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఈ విషయం పరిశీలించింది. కాఫీవల్ల కేన్సర్ వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. కాని 65 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు కేన్సర్ రావడానికి అవకాశం వుండవచ్చని చెప్పింది. గ్లాసులోంచి గిన్నెలోకి రెండుసార్లు తిరగబోసుకుని తాగే మన అలవాటు మంచిదే. నురగకోసం చేసినా నాలుకకూ గొంతుకూ మేలే చేస్తుంది.

దోషం ఎక్కడుంది?

మాస్టారూ నేనూ కలిసి ఆయన పాత పళ్ళేన్ని లెక్కగట్టాం. లెక్కల మాస్టారు గనుక ఆయనే కాగితంమీద రాశారు.

రెండు కాఫీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల పంచదార. చెంచాకు అయిదు గ్రాముల చొప్పున మొత్తం 20 గ్రాములు. రోజుకు 2,000 కేలరీలు తినేవారు పంచదార, తేనె, బెల్లం అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు వుంటే మరీ మంచిదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. షుగరు లేనివారికి చెప్పిన మాటే అది. మాస్టారికి కాఫీలోనే 20 గ్రాములు అయిపోయాయి. పక్కన రెండు తీపి బిస్కెట్లు. ఆపైన ఒక ఎగ్ పఫ్.

పఫ్ పొరలు పొరలుగా ఎలా వస్తుందో తెలుసా? మైదా ముద్దను పరిచి, దానిమీద గట్టి కొవ్వు పులిమి, మడిచి, మళ్ళీ పరిచి, మళ్ళీ మడుస్తారు. పొయ్యిలో పిండిలోని నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. పొరకూ పొరకూ మధ్య కొవ్వు వుంటేనే అవి అంటుకోకుండా విడిగా నిలబడతాయి. మైదా బరువులో సగందాకా, ఒక్కోసారి అంతకుమించి కొవ్వు పడుతుంది. ఒక్క గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. అదే పిండిపదార్థం అయితే 4 కేలరీలే. చేతికి తేలికగా వున్నదని పఫ్‌ను తేలిక తిండి అనుకుంటే పొరపాటు.

ఆ కొవ్వు ఏ కొవ్వు అన్నది ఇంకో ప్రశ్న. నూనెను గట్టిపరచడానికి హైడ్రోజన్ ఎక్కించినప్పుడు, ఆ పని సగంలో ఆపితే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు తయారవుతుంది. ఇది రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుంది, మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. రెండువైపులా నష్టమే. వనస్పతిలో, బేకరీ మార్జరిన్‌లో ఒకప్పుడు ఇది చాలా వుండేది. మన దేశంలో 2021 జనవరినుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 3 శాతం మించకూడదన్నారు. 2022 జనవరినుంచి ఆ హద్దును 2 శాతానికి తగ్గించారు.

అయితే పొట్లాల్లో వచ్చే బిస్కెట్టుకు లేబుల్ వుంటుంది. వీధి చివర బేకరీలో అప్పటికప్పుడు చేసిన పఫ్‌కు లేబుల్ వుండదు. అక్కడ మీ నోరే లేబుల్. "ఏ కొవ్వు వాడుతున్నారు? డబ్బా చూపిస్తారా?" అని అడగండి. రోజూ వచ్చే మనిషి అడిగితే ఎవరూ కోపగించుకోరు. తిన్న తరవాత అంగిలికి మైనం అంటుకున్నట్టు వుంటే, ఆ కొవ్వు మన ఒంటి వేడికి కూడా కరగనిదన్నమాట. తాజాగా వున్నా అటువంటిది పక్కన పెట్టడమే మంచిది.

"మా బేకరీలో అన్నీ వెన్నతోనే చేస్తామండీ" అంటారు కొందరు. రుచికి సరే. కాని వెన్న, నెయ్యి, పామాయిల్‌తో చేసిన మార్జరిన్ అన్నిటిలోనూ సంతృప్త కొవ్వులు వుంటాయి. అవీ చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచేవే. "షుగర్‌ఫ్రీ కేకు" అన్నది ఇంకొక మోసకారి మాట. పంచదార వెయ్యకపోయినా మైదా, కొవ్వు ఎక్కడికీ పోవు. మైదా కూడా కడుపులో చక్కెరగానే మారుతుంది.

పక్క బల్లల సంగతి

బేకరీకి వచ్చేవాళ్ళంతా మాస్టారి వయసువాళ్ళే కాదు. ఆడపిల్లలు, ఉద్యోగాలు చేసే స్త్రీలు వస్తారు. భోజనం చేసిన వెంటనే కాఫీ తాగే అలవాటు వీరిలో చాలామందికి వుంది. కాఫీ, టీలలో వుండే కొన్ని పదార్థాలు ఆహారంలోని ఇనుమును పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తాయి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అందుకే పోషకాహార సంస్థవారు భోజనానికి గంట ముందు, గంట తరవాత కాఫీ, టీలు వద్దన్నారు. ఐరన్ మాత్ర మింగేవారు దాన్ని కాఫీతో అసలు మింగకూడదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికీ ఇదే మాట. పరగడుపున మంచినీళ్ళతో మాత్ర వేసుకుని, అరగంటనుంచి గంట ఆగి కాఫీ తాగాలి. వెంటనే తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. "ఎంత డోసు పెంచినా పని చేయడం లేదండీ" అనేవారిలో కొందరి చిక్కు కాఫీ గ్లాసులోనే వుంటుంది.

"రాత్రి నిద్ర పట్టడం లేదు, మాత్ర రాయండి" అని వచ్చేవారిని నేను మొదట అడిగేది ఆఖరి కాఫీ ఎన్నింటికని. కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి 100 మిల్లీగ్రాములు లోపలికి వెళితే రాత్రి పదకొండింటికి ఇంకా 50 మిగిలి వుంటుంది. తెల్లవారుజాము నాలుగింటికి కూడా 25 వుంటుంది. నిద్రపట్టనివారు మధ్యాహ్నం తరవాత కాఫీ మాని చూడండి. బేకరీకి మాత్రం వెళ్ళండి. ఆ కప్పులో పాలో, మజ్జిగో పోయించుకోండి.

మాస్టారికి ఏం రాశాను?

పాత చీటీ చింపేసి కొత్తది రాశాను. ఈసారి రెండు మాటలతో సరిపెట్టలేదు.

"రోజూ సాయంత్రం బేకరీకి నడిచి వెళ్ళాలి, నడిచి రావాలి. ఆటో ఎక్కరాదు. ఒక్క కాఫీ, పంచదార లేకుండా. ఇంట్లో వుదయం ఒక్కటి. దానితో సరి. పఫ్, కేకు, తీపి బిస్కెట్ వద్దు. ఆదివారం మాత్రం ఒక పఫ్‌ను నలుగురూ పంచుకోవచ్చు."

మాస్టారి ముఖంలో కళ వచ్చింది. "మరి నలుగురూ తింటుంటే వుత్త చేతులతో కూర్చోమంటారా బాబూ?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. జవాబు బేకరీ ఓనరే చెప్పాడు. ఎగ్ పఫ్‌లో పెట్టడానికి అతను రోజూ గుడ్లు వుడకబెడతాడు గదా! "మాస్టారుగారికి పొరలు తీసేసి లోపలి గుడ్డు ఇస్తానండీ" అన్నాడు. ఇప్పుడు మాస్టారి పళ్ళెంలో వుడికిన గుడ్డు, మిరియాల పొడి, పక్కన గుప్పెడు వేయించిన సెనగలు వుంటాయి. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. ఆకలి తీరుతుంది, షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. గుడ్డు తిననివారికి సెనగలు, వేరుసెనగ పప్పు సరిపోతాయి. ఉప్పు తక్కువ వుండేట్టు చూసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరును తగ్గించే కొన్నిరకాల మాత్రలు వేసుకునేవారు సాయంత్రం తిండి ఒక్కసారిగా మానేస్తే, షుగరు మరీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే వెంటనే పంచదారో, గ్లూకోజో తీసుకోవాలి. కాబట్టి పళ్ళెం మార్చేముందు మీ డాక్టరుకు చెప్పండి. మందు కూడా మార్చవలసి రావచ్చు.

పంచదార లేని కాఫీ తాగలేమంటారు. ఒక్కసారిగా మాననక్కర లేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. మాస్టారికి నాలుగో వారానికల్లా అలవాటయింది. "ఇన్నేళ్ళూ పంచదార తాగి కాఫీ అనుకున్నాను బాబూ!" అన్నారు.

మూడు నెలల తరవాత

మొన్న మాస్టారు ఒక్కరే వచ్చారు, కొడుకు తోడు లేకుండా. హెచ్‌బీఏ1సీ 7.4కు దిగింది. రెండు కిలోలు తగ్గారు. ఇది ఒక్క గుడ్డు మహిమ కాదు, కాఫీ మహిమ అంతకన్నా కాదు. మందులు వేళకు పడుతున్నాయి, రోజూ అరగంట నడక వుంది, మిక్చరు పొట్లం లేదు. నాలుగున్నర అయ్యేసరికి చొక్కా తొడుక్కుని బయలుదేరడానికి ఒక కారణం వుంది. ఏ ఒక్కదానివల్ల ఎంత తగ్గిందో చెప్పమంటే చెప్పలేను.

రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటూ ఆయన ఒక మాట అన్నారు. "మేం నలుగురం కదా బాబూ, నేను రాని నాలుగు నెలల్లో ఒకాయన పోయాడు. నాకు తెలిసేసరికి పదకొండో రోజు. చివరిసారి ఏం మాట్లాడుకున్నామో కూడా గుర్తు లేదు."

దానికి నా దగ్గర మందు లేదు. ఆ చీటీ రాసింది నేను.

అప్పటినుంచి పథ్యం రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఏది తినకూడదో రాస్తాను. ఎక్కడికి వెళ్ళకూడదో రాయను. ఇంట్లోవాళ్ళకు కూడా ఇదే నా మనవి. మీ నాన్నగారో, అమ్మగారో, తాతగారో సాయంత్రం కాఫీకి బయలుదేరితే గుమ్మంలో అడ్డం నిలబడకండి. పంచదార వద్దని గుర్తుచేయండి, వీలుంటే ఒకరోజు మీరూ తోడు వెళ్ళండి. ఆ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చుంటారో, వాళ్ళ ఫోను నెంబర్లేమిటో రాసుకుని మందుల డబ్బా పక్కన పెట్టుకోండి.